చట్టానికి మంత్రాలుంటాయా?

యూట్యూబ్‌లో అమెరికా పోలీసుల బాడీక్యామ్ (ఒంటికి తగిలించుకునే కెమెరా) వీడియో ఒక్కటి పొరపాటున నొక్కారంటే ఇక నెల రోజులు అవే వస్తాయి. వాటిల్లో ఒక రకాన్ని అర నిమిషంలో గుర్తుపట్టొచ్చు. కారుకి మామూలు నంబర్ ప్లేట్ ఉండదు, దాని బదులు "ప్రైవేట్, నాట్ ఫర్ హైర్" అని రాసిన రేకు ముక్క ఉంటుంది. పోలీసాయన వచ్చి లైసెన్స్ అడిగితే లోపలున్న మనిషి అద్దం రెండంగుళాలు దించి, "నేను డ్రైవింగ్ చెయ్యట్లేదు, ట్రావెల్ చేస్తున్నాను" అంటాడు. డ్రైవింగ్ అంటే డబ్బు తీసుకుని బండి నడపడమట, తనది సొంత పని మీద ప్రయాణమట, ప్రయాణానికి లైసెన్స్ అక్కర్లేదట. "మీకూ నాకూ మధ్య కాంట్రాక్ట్ ఏదీ లేదు, మీ సూపర్‌వైజర్‌ని పిలవండి" అంటాడు. సూపర్‌వైజర్ వస్తాడు, ఆయనకీ మొదట్నుంచీ ఇదే పాఠం. అరగంట సాగాక అద్దం పగులుతుంది, మనిషి బయటికొస్తాడు, చేతులకి బేడీలు పడతాయి, అప్పుడు కూడా "ఐ డు నాట్ కన్సెంట్" అని అరుస్తూనే ఉంటాడు. కింద కామెంట్లలో జనాలకి పండగ.

వీళ్లని సావరిన్ సిటిజన్లు అంటారు. వీళ్లకి పార్టీ లేదు, ఆఫీసు లేదు, సభ్యత్వ రుసుం లేదు, ఎవరికి వారే ఒక ప్రభుత్వం. మనవాళ్లు ఆ వీడియోలు చూసి "పిచ్చోళ్లు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు అది మింగుడుపడదు. పిచ్చికి ఇంత వ్యాకరణం ఉండదు. బయట నిలబడి చూసేవాడికి చట్టం ఎలా కనిపిస్తుందో వీళ్లు సరిగ్గా అలాగే నమ్మారు, సరైన మాటని సరైన చోట సరైన రంగు ఇంకుతో రాస్తే పని జరిగిపోయే మంత్రంలాగా. అది అలా కనిపించడంలో బ్యాంకులకీ, కోర్టులకీ, చట్టం రాసేవాళ్లకీ కూడా వాటా ఉందని నా వాదన. అంతమాత్రాన వీళ్లు అమాయకులని కాదు, ఆ సంగతికీ వస్తాను.

ముందు వీళ్ల సిద్ధాంతం ఏంటో చెప్పాలి. 1933లో అమెరికా బంగారం ప్రమాణాన్ని, అంటే డాలరుకి బదులు బంగారం ఇస్తామన్న పద్ధతిని, వదిలేసింది. వీళ్ల లెక్క ప్రకారం ఆ రోజే దేశం దివాలా తీసింది, అప్పులవాళ్లకి చూపించడానికి బంగారం లేదు కాబట్టి పౌరుల్నే తాకట్టు పెట్టింది. బిడ్డ పుట్టగానే ఇచ్చే బర్త్ సర్టిఫికెట్ నిజానికి ఒక బాండు. దాని మీద ట్రెజరీలో, అంటే ప్రభుత్వ ఖజానాలో, ఆ బిడ్డ పేరున ఒక రహస్య ఖాతా తెరుస్తారు, అందులో లక్షల డాలర్లుంటాయి (కొందరు గురువులు 6,30,000 అని అంకె కూడా చెప్తారు). ఇంగ్లిష్‌లో అన్నీ పెద్దక్షరాలతో రాసే మీ పేరు ఉంది చూశారా, లైసెన్స్ మీద, కరెంటు బిల్లు మీద, కోర్టు సమన్ల మీద, అది మీరు కాదు. ప్రభుత్వం సృష్టించిన డొల్ల మనిషి. దాన్ని "స్ట్రామ్యాన్" అంటారు. అప్పులూ పన్నులూ చలాన్లూ అన్నీ ఆ డొల్ల మనిషివి, ఖాతాలో డబ్బు మాత్రం రక్తమాంసాలున్న మీది. సరైన ఫారాలు నింపి, సంతకం కింద "వితౌట్ ప్రెజుడిస్, యూసీసీ 1-308" (నా హక్కులేవీ వదులుకోకుండా అని) రాసి, ఎర్ర ఇంకుతో వేలిముద్ర వేసి పంపితే ఆ ఖాతా తాళం తెరుచుకుంటుంది. యూసీసీ అంటే సరుకుల అమ్మకాలు, చెక్కులు, తనఖాల గురించిన వాణిజ్య నియమావళి. దానికీ మీ స్పీడింగ్ టికెట్‌కీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ సెక్షన్ నంబరు చూడటానికి ఎంత గంభీరంగా ఉందో చూడండి.

ఇంకా ముందుకెళ్లినవాళ్లున్నారు. డేవిడ్ విన్ మిల్లర్ అనే ఆయన (2018లో పోయాడు) తన పేరు మధ్యలో హైఫన్లూ కోలన్లూ పెట్టుకుని, అసలు ప్రపంచంలోని చట్టాలన్నీ తప్పుడు వ్యాకరణంలో రాశారనీ, తన "క్వాంటం గ్రామర్"లో రాసిన కాగితమే చెల్లుతుందనీ ఊరూరా పాఠాలు చెప్పాడు. ఆ కాగితాలు కోర్టుల్లో ఒక్కచోట కూడా పనిచెయ్యలేదు. నేర్చుకున్నవాళ్లు మాత్రం తగ్గలేదు.

పేరు గురించి తెలుగువాడిగా ఒక పక్క మాట. కాగితం మీద పేరు వేరే మనిషైపోవడం మనకి కొత్తేం కాదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనం అమెరికాకొచ్చాక సగం మందికి ఇంటిపేరుతోనే పిలిపించుకుంటాం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకి వీసా మీద ఫస్ట్ నేమ్ దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. నాకు తెలిసిన ఒకాయనకి మందుల సీసా మీద కూడా అదే ఉండేది, ఫార్మసీ కౌంటర్లో అమ్మాయి "మిస్టర్ ఫ్నూ" అని పిలిస్తే బుద్ధిగా లేచి వెళ్లేవాడు. సావరిన్ గురువులకి ఈయన దొరికుంటే ఎంత సంబరపడేవాళ్లో. కానీ ఆ ఫ్నూ పేరు మీద వచ్చిన క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా ఈయనే కట్టాడు.

ఈ నమ్మకాల్లో నన్ను ఆపేసేది ఏంటంటే, ప్రతి అబద్ధం కిందా ఒక నిజం గింజ ఉంది. 1933నే తీసుకోండి. ఆ ఏప్రిల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం జనం దగ్గరున్న బంగారు నాణేలనీ కడ్డీలనీ ఔన్సు 20.67 డాలర్ల లెక్కన అప్పగించమంది. జూన్‌లో కాంగ్రెస్ ఒక తీర్మానం చేసి, "ఈ అప్పు బంగారంలో తీరుస్తాం" అని అప్పటిదాకా రాసుకున్న ఒప్పందాల్లోని షరతులన్నిటినీ కొట్టిపారేసింది. మరుసటి ఏడాది ఔన్సు ధర 35 డాలర్లు చేసింది. బాండ్లు కొన్నవాళ్లు కోర్టుకెక్కితే 1935లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ప్రభుత్వం వైపే మొగ్గింది. ఆర్థికమాంద్యంలో అది అవసరమే అయ్యుండొచ్చు, చరిత్రకారుల్లో చాలామంది మాట అదే. కానీ ప్రభుత్వం రాసిచ్చిన మాటని ప్రభుత్వమే ఒక కాగితంతో చెరిపేసిందన్నది అబద్ధం కాదు. అలాగే, రాష్ట్రాల మధ్య తిరిగే హక్కుని కోర్టులు రాజ్యాంగ హక్కుగా ఒప్పుకున్నాయి. చట్టం దృష్టిలో కంపెనీ కూడా మనిషే. కొన్ని కోర్టు హాళ్లలో జెండాకి బంగారు రంగు కుచ్చులుంటాయి, అది అలంకారం, వీళ్లు మాత్రం కుచ్చులున్న జెండా అంటే అది సముద్ర చట్టం నడిచే ఓడ కోర్టని అంటారు. గింజలన్నీ నిజమైనవే, మొలిచింది మాత్రం వేరే చెట్టు.

ఆ ఓడ సంగతి నేను కళ్లారా చూశాను. ఒక స్పీడింగ్ టికెట్ పని మీద కౌంటీ కోర్టుకెళ్లి నా పేరు పిలిచేదాకా వెనక బెంచీలో కూర్చున్నాను. నా ముందు పిలిచిన పేరుకి యాభై దాటిన ఒకాయన లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మూడంగుళాల బైండరు, అందులో రంగురంగుల ట్యాబులు, నా గ్రీన్‌కార్డు ఫైలు కూడా అంత పద్ధతిగా లేదు. జనం కూర్చునే చోటికీ జడ్జి ఉండే చోటికీ మధ్య నడుమెత్తు కొయ్య గేటు ఒకటి ఉంటుంది. ఈయన ఆ గేటు ముందు ఆగిపోయాడు. జడ్జి ముందుకి రమ్మంది. "నేను ఆ గీత దాటను, దాటితే మీ ఓడ ఎక్కినట్టు" అన్నాడు. తన పేరు అడిగితే "ఆ పేరు గల సంస్థకి నేను ప్రతినిధిని" అన్నాడు. అక్కణ్నుంచే ఒక కాగితం చాపితే బెయిలిఫ్ (కోర్టు ఉద్యోగి) తీసుకెళ్లి ఇచ్చాడు. నా పక్కనుంచే వెళ్లింది కాబట్టి చూశాను, పైమూల ఒక తపాలా బిళ్ల అంటించి దాని మీద అడ్డంగా సంతకం పెట్టి ఉంది, కింద ఎర్రటి బొటనవేలి ముద్ర. జడ్జి కోప్పడలేదు. కాగితం ఫైల్లో పెట్టించి, ఆయన తరఫున "నాట్ గిల్టీ" అని తానే రాసుకుని, వచ్చే తేదీ చెప్పి, తర్వాత పేరు పిలిచేసింది. మొత్తం నాలుగైదు నిమిషాలు. ఆయన మాత్రం గెలిచినవాడిలా బయటికెళ్లాడు. చూస్తున్న నాకు ఆయన గొంతులో దబాయింపు కన్నా టెన్షనే ఎక్కువ వినిపించింది, బట్టీ పట్టిన పద్యం మధ్యలో మర్చిపోతానేమో అన్న టెన్షన్.

సరే, జాలి పడటం తేలికే. ఇప్పుడు రెండో వైపు చూడాలి, ఎందుకంటే ఈ ఆలోచన పుట్టిన చోటు జాలిపడేలాంటిది కాదు. 1969లో ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో హెన్రీ బీచ్, దాదాపు అదే సమయంలో కాలిఫోర్నియాలో విలియం పాటర్ గేల్, "పోసీ కొమిటాటస్" పేరుతో ఒక ఉద్యమం లేవదీశారు. వాళ్ల ప్రకారం కౌంటీ షెరీఫ్ (మన జిల్లాలాంటి ప్రాంతానికి పోలీసు అధికారి) కన్నా పై అధికారి దేశంలో ఎవరూ లేరు. రాజ్యాంగం తప్పిన అధికారిని ఊళ్లో జనం ఎక్కువగా తిరిగే కూడలికి తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నం ఉరితియ్యాలని వాళ్ల పుస్తకంలోనే రాసుకున్నారు. గేల్ తెల్లజాతే దేవుడు ఎంచుకున్న జాతి అని బోధించే మతాచారి, యూదులంటే ద్వేషం. వీళ్లు పట్టుకున్నది పద్నాలుగో సవరణని. అంతర్యుద్ధం తర్వాత 1868లో, అమెరికా గడ్డ మీద పుట్టిన ప్రతివాళ్లూ పౌరులే అని, అంటే విముక్తులైన నల్లవాళ్లూ పౌరులే అని చెప్పిన సవరణ అది. ఈ వాదం దాన్ని తిరగేసింది: ఆ సవరణ వల్ల పౌరులైనవాళ్లు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానికి బానిసలు, అంతకుముందు నుంచీ ఉన్న "అసలు" పౌరులు మాత్రం స్వతంత్రులు. అసలు పౌరులంటే ఎవరో విడమర్చి చెప్పక్కర్లేదు కదా. ఇప్పుడు వీడియోల్లో కనిపించే "నేను ఫెడరల్ సిటిజన్‌ని కాదు" అన్న మాటకి పుట్టిల్లు ఇదే.

1980ల్లో అమెరికా రైతులు వడ్డీల కింద నలిగిపోయారు, పొలాలు వేలానికొచ్చాయి. పోసీ మనుషులు సరిగ్గా అప్పుడే ఆ ఊళ్లలోకి దిగారు. గోర్డన్ కాల్ అనే నార్త్ డకోటా రైతు, రెండో ప్రపంచయుద్ధంలో పోరాడినవాడు, పన్ను కట్టనని మొండికేసి అప్పటికే ఒకసారి జైలుకెళ్లొచ్చాడు. 1983 ఫిబ్రవరి 13న మెడీనా అనే ఊరి దగ్గర అరెస్టు చెయ్యడానికి వచ్చిన ఇద్దరు ఫెడరల్ మార్షల్స్‌ని చంపి పారిపోయాడు. జూన్ 3న ఆర్కన్సాలో ఒక ఇంట్లో దొరికాడు, కాల్పుల్లో చచ్చిపోయాడు. అతనితో పాటు ఆ రోజు చనిపోయిన రెండోవాడు జీన్ మాథ్యూస్, ఆ కౌంటీ షెరీఫ్. షెరీఫే సర్వాధికారి అని నమ్మే ఉద్యమం చివరికి చంపింది షెరీఫ్‌నే.

తర్వాతవి గబగబా చెప్తాను. ఓక్లహోమా సిటీలో 1995లో 168 మందిని పొట్టనబెట్టుకున్న బాంబు కేసులో రెండో ముద్దాయి టెరీ నికోల్స్ అంతకుముందే తన పౌరసత్వం వదులుకున్నానని కాగితం రాసి, క్రెడిట్ కార్డు బాకీలు సొంతంగా తయారుచేసుకున్న చెక్కులతో తీర్చబోయినవాడు. 1996లో మోంటానా రాష్ట్రంలో "ఫ్రీమెన్" అనేవాళ్లు ఒక పొలంలో తుపాకులతో కూర్చుని ఎఫ్‌బీఐని 81 రోజులు బయటే నిలబెట్టారు. వాళ్లు నడిపింది దొంగ చెక్కులు ఎలా రాయాలో నేర్పే బడి.

వింత ఏంటంటే, తెల్లజాతి అహంకారంలో పుట్టిన ఈ వాదాన్నే ఇవాళ కొన్ని నల్లజాతి బృందాలు ఎత్తుకున్నాయి. తాము "మూర్లం" అనీ, అమెరికాకీ మొరాకోకీ మధ్య పద్దెనిమిదో శతాబ్దంలో జరిగిన ఒప్పందం తమకి వర్తిస్తుందనీ, ఇక్కడి చట్టాలు తమ మీద చెల్లవనీ అంటారు. 2021 జూలైలో మాసచూసెట్స్‌లో ఐ-95 హైవే మీద తుపాకులతో గంటల తరబడి పోలీసుల్ని నిలిపేసింది ఇలాంటి గుంపే, 11 మంది అరెస్టయ్యారు. తమ ముత్తాతలకి పౌరసత్వం ఇచ్చిన సవరణే తమని బానిసలు చేసిందని వీళ్లు చెప్తుంటే గేల్ ఎక్కడున్నా నవ్వుకుంటూ ఉంటాడు. అయితే ఆ చట్టం తమని ఎన్ని తరాలు మనుషులుగా లెక్కపెట్టలేదో తెలిసినవాళ్లకి, "ఇది మనది కాదు" అన్న మాట ఎందుకు రుచిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇక 2008. ఇళ్ల అప్పులు కుప్పకూలి లక్షల ఇళ్లు బ్యాంకులు లాగేసుకుంటున్న రోజులు. ఇల్లు జప్తు చెయ్యాలంటే బ్యాంకు ఉద్యోగి "ఈ అప్పు కాగితాలు నేను స్వయంగా పరిశీలించాను" అని ప్రమాణపత్రం ఇవ్వాలి. 2010లో బయటపడిన సంగతి ఏంటంటే, ఆ ఉద్యోగులు రోజుకి వందల కాగితాల మీద చదవకుండానే సంతకాలు గీకేశారు. జార్జియాలోని డాక్‌ఎక్స్ అనే సంస్థలోనైతే ఒకావిడ పేరుతో రకరకాల మనుషులు రకరకాల చేతిరాతల్లో సంతకాలు పెట్టారు. ఆ కాగితాలు చూపించే మనుషుల్ని ఇళ్లలోంచి బయటికి పంపారు. డాక్‌ఎక్స్ పెట్టినావిడకి ఐదేళ్ల జైలు పడింది, పెద్ద బ్యాంకులు అయిదూ కలిసి 2012లో 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకున్నాయి, ఆ బ్యాంకుల పైఅధికారులు ఎవరూ దీనికోసం జైలుకెళ్లలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు పోగొట్టుకున్న మనిషి వైపునుంచి ఆలోచించండి. ఎవరో ఎక్కడో కూర్చుని దొంగ సంతకం పెట్టిన కాగితం తన ఇంటిని తీసుకుపోయింది, కోర్టు దాన్ని ఒప్పుకుంది. కాగితానికి అంత శక్తి ఉందని అతనికి ఏ గురువూ చెప్పక్కర్లేదు, కళ్ల ముందే జరిగింది. అలాంటివాడి దగ్గరికి ఒకడొచ్చి "వాళ్లు వాడిన మంత్రమే నేను నీకు నేర్పిస్తాను, ఫీజు ఇంత" అంటే? మంత్రాలకు చింతకాయలు రాలవని మనకి సామెత ఉంది కానీ, పక్కవాడి మంత్రానికి రాలడం చూసినవాడికి ఆ సామెత ఏం చెప్తాం? అతను పొరబడింది కాగితం బలం దగ్గర కాదు. ఆ బలం కాగితం మీది అక్షరాల్లో ఉందనుకోవడం దగ్గర. బ్యాంకు దొంగ కాగితం వెనకాల బ్యాంకుంది, లాయర్లున్నారు, తొందరగా ఫైళ్లు తెమిలిపోవాలనుకునే కోర్టు ఉంది. ఇతని కాగితం వెనకాల ఇతనొక్కడే.

అసలు నా కోపమంతా గురువుల మీద. ఈ స్ట్రామ్యాన్ కథ అల్లినవాడిగా పేరున్న రోజర్ ఎల్విక్ పాత పోసీ వాసనలవాడే, ఇదే దందాలో జైలుకీ వెళ్లాడు. ఓరెగాన్‌కి చెందిన విన్‌స్టన్ ష్రౌట్ సెమినార్లు పెట్టి పాఠాలు చెప్తూ, ట్రెజరీ మీద తనే రాసుకున్న హుండీల మొత్తం విలువ వంద ట్రిలియన్ డాలర్లు దాటింది, 2018లో పదేళ్ల శిక్ష వేశారు. జెరీ కేన్ అనేవాడు ఇళ్ల జప్తు తప్పించుకునే కిటుకులంటూ ఊరూరా క్లాసులు చెప్పుకుంటూ పదహారేళ్ల కొడుకుని వెంటేసుకుని తిరిగాడు. 2010 మే 20న ఆర్కన్సా రాష్ట్రం వెస్ట్ మెంఫిస్‌లో పోలీసులు బండి ఆపితే ఆ పిల్లాడు రైఫిల్ తీసి ఇద్దరు ఆఫీసర్లని కాల్చేశాడు. కాసేపటికి ఒక వాల్‌మార్ట్ పార్కింగ్ లాట్‌లో తండ్రీ కొడుకులిద్దరూ పోలీసు కాల్పుల్లో పోయారు. ఇంకోటి గమనించండి, డాలరు ఉత్తి కాగితం అని బోధించే ఈ గురువులెవరూ ఫీజు మాత్రం రహస్య ఖాతాలోంచి తీసుకోరు.

చదువుకోనివాళ్లే పడతారనుకుంటే అదీ కాదు. "బ్లేడ్" హీరో వెస్లీ స్నైప్స్ ఇలాంటి సలహాదారుల మాటలు విని పన్ను రిటర్నులు వెయ్యడం మానేశాడు. 2008లో మూడేళ్ల శిక్ష పడి, అప్పీళ్లన్నీ అయ్యాక 2010 చివర్లో జైలుకెళ్లి 2013లో బయటికొచ్చాడు. అంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించేది అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకాయన కేసు. జీతం ఆదాయం కిందికి రాదని సెమినార్లలో విని పన్ను ఎగ్గొట్టాడు. 1991లో సుప్రీంకోర్టు ఏమందంటే, చట్టం తనకి వర్తించదని అతను నిజంగా మనసులో నమ్మి ఉంటే, ఆ నమ్మకం ఎంత అర్థంలేనిదైనా సరే, కావాలని చేసిన నేరం కిందికి రాదు, అది జ్యూరీ తేల్చాలి. కానీ చట్టం చదివి, అర్థం చేసుకుని, ఇది రాజ్యాంగానికి విరుద్ధం అని తీర్మానించుకుంటే మాత్రం ఆ సాకు కుదరదు. అంటే తెలియక నమ్మినవాడికి ఒక సందు ఉంది, తెలుసుకుని వాదించేవాడికి లేదు. మళ్లీ విచారణ జరిగి ఆయనకి శిక్ష పడింది, అది వేరే సంగతి. కానీ ఇలాంటి తీర్పు చూపించి "చూశారా, నమ్మకానికి విలువుంది" అని గురువులు ఎన్ని క్లాసులు అమ్ముకుని ఉంటారో.

కోర్టులు దీన్ని ఎలా ఎదుర్కోవాలన్న దాని మీద నాకు నచ్చిన పని చేసింది కెనడా ఆల్బర్టాలో జస్టిస్ జాన్ రూక్. 2012లో ఒక విడాకుల కేసులో భర్త ఈ కాగితాలన్నీ పట్టుకొచ్చాడు. రూక్ దాన్ని ఒక్క పేరాలో కొట్టేసి చేతులు దులుపుకోలేదు, వందల పేరాల తీర్పు రాశాడు. ఏ వాదన ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు అమ్ముతున్నారు, ఎందుకు చెల్లదు, అన్నీ విడివిడిగా చెప్పి, గురువుల్ని పేర్లతో సహా రాసి, కొన్నవాళ్లతో "మీ డబ్బు వెనక్కి అడగండి" అన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ తర్వాత ఆ దేశపు కోర్టులే కాదు, బయటి కోర్టులు కూడా దాన్ని వాడుకుంటున్నాయి. ఇంకో వైపు విస్కాన్సిన్‌లో 2021 క్రిస్మస్ పరేడ్ మీదకి కారు తోలి ఆరుగుర్ని చంపిన డారెల్ బ్రూక్స్, లాయర్లని తీసేసి తన కేసు తనే వాదించుకుంటూ "ఆ పేరు నాది కాదు" అని వారాల తరబడి అదే పాట పాడాడు. జడ్జి జెనిఫర్ డొరో ఓపిగ్గా విని, హద్దు మీరినప్పుడు పక్క గదిలో కూర్చోబెట్టి టీవీలోంచి మాట్లాడించింది. చివరికి 76 అభియోగాలూ రుజువయ్యాయి. ఆ ఆరు కుటుంబాలు ఆ పాటంతా కూర్చుని వినాల్సొచ్చింది చూడండి, అక్కడ నాకు జాలి పూర్తిగా ఆవిరైపోతుంది.

మన దేశంలో ఇలాంటివాళ్లు లేరా అంటే, ఉన్నారు. భారతదేశానికి స్వాతంత్ర్యం 99 ఏళ్ల లీజుకిచ్చారన్న వాట్సాప్ ఫార్వర్డు రానివాళ్లుంటే చెయ్యెత్తండి. 1947 స్వాతంత్ర్య చట్టంలో ఎక్కడా లీజు ఊసు లేదు, పైగా మన రాజ్యాంగం 395వ అధికరణం ఆ బ్రిటిష్ చట్టాన్నే రద్దు చేసేసింది. ఫార్వర్డు మాత్రం ఆగలేదు. మధురలో జవహర్ బాగ్ అనే ప్రభుత్వ తోటని రామ్ వృక్ష యాదవ్ మనుషులు 2014 నుంచి ఆక్రమించుకుని కూర్చున్నారు. ప్రధాని, రాష్ట్రపతి ఎన్నికలు రద్దు చెయ్యాలి, ఆజాద్ హింద్ నోట్లు చెలామణీలోకి తేవాలి, రూపాయికి పదుల లీటర్ల పెట్రోలు పొయ్యాలి, ఇవీ డిమాండ్లు. 2016 జూన్ 2న ఖాళీ చేయించడానికి వెళ్లినప్పుడు జరిగిన గొడవలో ఇద్దరు పోలీసు అధికారులతో సహా ఇరవై మందికి పైగా చనిపోయారు. అది అమెరికా సరుకు కాదు, మన దగ్గరే పుట్టింది.

అమెరికాలో హెచ్1బీ వీసా మీద బతికే మనలాంటివాళ్లకి ఈ సావరిన్‌ల ధీమా మింగుడుపడకపోవడానికి ఇంకో కారణముంది. ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) మీది తేదీ దాటితే మన పరిస్థితి ఏంటో మనకి తెలుసు. "మీ ప్రభుత్వానికి నా సమ్మతి లేదు" అని మనం అనగలమా? ఆ మాట అనడానికి కూడా ముందు ఇక్కడ పుట్టి ఉండాలి, ఏ బర్త్ సర్టిఫికెట్‌ని వాళ్లు తాకట్టు బాండంటున్నారో ఆ కాగితం చేతిలో ఉండాలి.

మరి చట్టంలో మాటలకి బలమే లేదా? ఉంది. అందుకు మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. విశాఖ ఏజెన్సీలో, బొర్రా చుట్టుపక్కల, ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా 1/70 చట్టం ఉంది కదా, ఎలా ఇచ్చారని అడిగితే, ఆ చట్టం "వ్యక్తుల"కే వర్తిస్తుంది, ప్రభుత్వం వ్యక్తి కాదు అన్నారు. సమత అనే సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకెళ్లింది. 1997లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది, ఆ చట్టంలో వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా, కాబట్టి ప్రభుత్వమైనా సరే షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడానికి వీల్లేదని. వ్యక్తి అంటే ఎవరు అన్న ఒక్క ప్రశ్న మీద కొండలు నిలిచాయి. ఆ బైండరాయన కోర్టులో అడిగిందీ పైకి అదే ప్రశ్న. కానీ సమత ప్రశ్న వెనకాల గిరిజన ప్రాంతాల గురించిన రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఉంది, ఏజెన్సీ తిరుగుబాట్ల చరిత్ర ఉంది, ఆ ఊళ్ల జనం ఉన్నారు, వాదించే లాయర్లున్నారు, కింది కోర్టులో ఓడిపోయాక పై కోర్టు మెట్లెక్కే ఓపిక ఉంది. కోర్టు గీత దాటి లోపలికెళ్లి అడిగారు వాళ్లు.

అమెరికాలో ఆ గీత దాటించేవాళ్లే కరువు. 1963 నుంచి క్రిమినల్ కేసుల్లో డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్ని పెట్టాలి, ఆ సంగతి సినిమాల పుణ్యమా అని మనకీ తెలుసు. ఇల్లు జప్తుకీ, అద్దింటి ఖాళీకీ, క్రెడిట్ కార్డు దావాకీ మాత్రం ఆ హక్కు లేదు. అద్దెవాళ్లకి ఉచితంగా లాయర్ని ఇస్తామని ఆ దేశంలో మొదట చట్టం చేసిన నగరం న్యూయార్క్, అది కూడా 2017లో. అవతల బ్యాంకు లాయరు, ఇవతల ఒంటరి మనిషి, మధ్యలో సెమినార్ గురువు. ఆ 2,500 కోట్ల రాజీలో రాష్ట్రాల చేతికి నేరుగా వచ్చిన డబ్బు ఇళ్లు పోతున్నవాళ్లకి సలహాలకీ లాయర్లకీ వాడమన్నారు. చాలా రాష్ట్రాలు అందులో కొంత తీసి తమ బడ్జెట్ లోటు పూడ్చుకున్నాయి. యూసీసీ సెక్షన్లు బట్టీ పట్టేవాళ్లని వెక్కిరించే మనం ముందు ఆ రాష్ట్రాల గవర్నర్లని పిలిచి, ఆ డబ్బు ఎటు పోయిందో లెక్క చెప్పమని అడగాలి.